దగ్గగలిగేంత ఉపశమనం

బైపాస్ ఆపరేషన్ తర్వాత రోగిని ఎక్కువగా బాధించేది గుండె నొప్పి కాదు. గుండెను చేరడానికి రొమ్ము ఎముకను నిలువునా కోసి, పక్కటెముకలను ఇరువైపులా ఎడంగా లాగి పట్టుకుంటారు. పని ముగిశాక ఎముకను స్టీలు తీగలతో బిగిస్తారు. నొప్పికి మూలం అక్కడే. ఛాతీలో ఉంచిన డ్రెయిన్ గొట్టాలు, రక్తనాళం తీసిన కాలి గాటు దానికి తోడవుతాయి. భుజాలు, వీపు కూడా పట్టేస్తాయి.

ఈ నొప్పిని పంటిబిగువున ఓర్చుకోవడం మన ఇళ్లలో ధైర్యం కింద చెల్లుతుంది గానీ వైద్యపరంగా అది ప్రమాదమే. నొప్పికి జడిసి రోగి పైపైన ఊపిరి తీస్తాడు, దగ్గు ఆపుకుంటాడు. కఫం లోపలే నిలిచిపోయి, ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుంటుంది. న్యుమోనియా పట్టుకునేది అలాంటప్పుడే. నాడి, బీపీ పెరిగి గుండెకూ శ్రమ ఎక్కువవుతుంది. అందుకే కదలకుండా పడుకున్నప్పుడు నొప్పి ఎంతుందో అడిగితే చాలదు. దగ్గినప్పుడు ఎంతుందో అడగాలి.

1960ల చివర్లో మార్ఫిన్, ఆ తర్వాత ఫెంటనిల్ భారీ మోతాదుల్లో ఇచ్చి గుండె ఆపరేషన్లు చేసే పద్ధతి వచ్చింది. గుండె నిలకడగా ఉండేది గానీ, రోగి చాలాసార్లు మర్నాటిదాకా వెంటిలేటర్ మీదే ఉండేవాడు. ఈ మందులతో మగత, వాంతులు, మలబద్ధకం మామూలే. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ 1990ల్లో పెద్దపేగు ఆపరేషన్లలో మొదలుపెట్టిన త్వరిత కోలుకునే విధానం, 2019 నాటికి గుండె ఆపరేషన్ల మార్గదర్శకాల్లోకీ చేరింది. ఒక్క మందును దండిగా ఇవ్వకుండా, వేర్వేరు దారుల్లో పనిచేసేవాటిని కొద్దికొద్దిగా కలిపి వాడటం ఇందులో కీలకం. పారాసిటమాల్‌ను నొప్పి ముదిరాక కాకుండా వేళ ప్రకారం ఇస్తారు. అల్ట్రాసౌండ్ చూస్తూ వెన్ను పక్క కండరాల కిందకు మత్తుమందు ఎక్కించే ఎరెక్టర్ స్పైనే బ్లాక్‌ను 2016లో తొలిసారి వివరించారు. ఆపరేషన్‌లో హెపారిన్‌తో రక్తాన్ని పలచబరుస్తారు కాబట్టి, వెన్నులో రక్తస్రావం భయం ఉండే ఎపిడ్యూరల్ కంటే చాలాచోట్ల ఇలాంటి బ్లాకులవైపే మొగ్గుతున్నారు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రల సంగతి వేరు. బైపాస్ నొప్పికి వీటిని వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టిగానే హెచ్చరించింది. గుండెపోటు, పక్షవాతం ముప్పుతో పాటు కిడ్నీల మీదా దెబ్బ పడుతుంది. వీధి చివరి మందుల షాపులో అడగ్గానే దొరికేవీ ఇవే.

మిగతాదంతా కదలిక. పరిస్థితి అనుకూలిస్తే ఆరు గంటల్లోపే శ్వాసగొట్టం తీసేస్తారు, మర్నాడు కుర్చీలో కూర్చోబెడతారు. దిండును ఛాతీకి గట్టిగా అదుముకుని దగ్గిస్తారు. కోసిన ఎముక అదరకుండా ఆ ఒత్తిడే ఆసరా. ఊపిరి వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్‌లో గాలి ఊదకూడదు, నెమ్మదిగా లోపలికి పీల్చాలి. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అందాకా నీళ్ల బిందె ఎత్తడం, బండి నడపడం, చేతులు నేలకు మోపి లేవడం మానుకోవాలి. నడక మాత్రం రోజూ కొంచెం పెంచుతూ పోవాలి. ఛాతీలో ఎముక టిక్కుమన్నా, జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. గుండెకు కలపడానికి రొమ్ములోని ధమనిని తీసినవారికి ఆ పక్క, అంటే ఎక్కువగా ఎడమవైపు, తిమ్మిరి చాలాకాలం ఉండొచ్చు. మూడు నెలలు దాటినా మంట, పోటు తగ్గకపోతే అది నరాల నొప్పి కావచ్చు. దానికి మామూలు మాత్రలు కాక గాబాపెంటిన్ వంటి మందులు అవసరపడతాయి.