చెరిపినా చెరగని జాడలు

ఫైళ్లను తొలగించి, చెత్తబుట్టను సైతం ఖాళీ చేసినవారు పాత కంప్యూటరును నిశ్చింతగా అమ్మివేస్తుంటారు. పుస్తకంతో పోల్చితే, అయస్కాంత డిస్కుపై అప్పుడు చెరిగేది విషయసూచిక మాత్రమే. పుటలు, వాటిపై వేరొకటి వ్రాయబడేవరకు, పదిలంగానే ఉంటాయి. అమెరికా పరిశోధకులు గార్ఫింకెల్, షెలాట్ 158 పాత డిస్కులను కొని పరీక్షించి, ఫలితాలను 2003లో ప్రకటించారు. పనిచేసిన 129 డిస్కులలో సక్రమంగా తుడిచినవి 12 మాత్రమే. తక్కిన వాటి నుండి క్రెడిట్ కార్డు సంఖ్యలు, వైద్య వివరాలు, స్వంత ఉత్తరాలు బయటపడ్డాయి!

భారత సర్వోన్నత న్యాయస్థానం 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. పాత డిస్కుకు మాత్రం ఆ తీర్పు తెలియదు. అయస్కాంత డిస్కునంతటినీ ఒకసారి తిరగవ్రాస్తే ఆ జాడలు రూపుమాసిపోతాయి. నేటి ఎస్‌ఎస్‌డిలు కొత్త వ్రాతను వేరొకచోట ఉంచుతాయి కనుక, సమాచారాన్ని మొదటినుండి సంకేతలిపిలో భద్రపరచి, అమ్మేముందు ఆ లిపిని విప్పే తాళపుచెవిని నాశనం చేయవలసి ఉంటుంది.