దగ్గర దారి – త్వరగా చేరు దారి

రెండు నగరముల నడుమగల దూరమును విమాన వేగముచే భాగించినచో ప్రయాణకాలము వచ్చునని విద్యార్థులు చెప్పుదురు. లెక్క సరియైనదే. కాని ఏ దూరము? ఏ వేగము? ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో నగరములను ఉదాహరణగా తీసికొందము.

గోడపటముపై చూచినచో, ఢిల్లీనుండి తూర్పుగా చైనా, జపానుల మీదుగా పసిఫిక్ మహాసముద్రము దాటుటయే తిన్నని దారిగా తోచును. ఇప్పుడు గ్లోబుపై ఈ రెండు నగరములను తాకునట్లు ఒక దారమును బిగించి లాగి చూడుడు. దారము టిబెట్టు, సైబీరియాల మీదుగా ఉత్తర ధ్రువ సముద్రమునకు ఎక్కి, అలాస్కా మీదుగా దిగును. గోళముపై అతి తక్కువ దూరమిదే. గోళకేంద్రమే తనకును కేంద్రముగాగల వృత్తములో ఇది యొక భాగము. అట్టి వృత్తమును మహావృత్తమందురు. ఈ దారి పొడవు సుమారు 12,400 కి.మీ.

అయినను విమానము ఎల్లప్పుడును ఈ రేఖనే పట్టి పోజాలదు. లోపలి గాలి పీడనము తగ్గినచో అది వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తునకు దిగవలెను. టిబెట్టు పీఠభూమి అంతకంటె ఎత్తైనది!

2015 డిసెంబరులో ఎయిరిండియా ఈ నగరముల నడుమ ఎక్కడను ఆగని విమానమును ప్రారంభించినది. మొదట అది ఐరోపా, అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కి.మీ. పోయెడిది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా సుమారు 15,300 కి.మీ. పోయి, పదునాలుగున్నర గంటలలోనే చేరినది. దూరము పెరిగినది, కాలము తగ్గినది.

కారణము గాలి. మధ్య అక్షాంశములలో, సుమారు 10 కి.మీ. ఎత్తున, జెట్ ప్రవాహములనెడి బలమైన గాలులు పడమటినుండి తూర్పునకు వీచుచుండును. విమానము గాలిలో గంటకు 900 కి.మీ. పోవుననుకొందము. వెనుకనుండి 150 కి.మీ. గాలి తోడైనచో నేలను బట్టి దాని వేగము 1,050 అగును. 15,300 కి.మీ. పోవుటకు 14.6 గంటలు చాలును. పడమటి దారిలో 50 కి.మీ. ఎదురుగాలి తగిలినచో వేగము 850 మాత్రమే. 13,900 కి.మీ. పోవుటకు 16.4 గంటలు పట్టును. పెద్ద విమానము గంటకు టన్నులకొలది ఇంధనము మండించును గనుక ఈ తేడా స్వల్పమైనది కాదు.

భూమి తూర్పునకు తిరుగుచుండగా, పడమటికి పోవు విమానమునకు గమ్యమే ఎదురు రావలదా యని కొందరు అడుగుదురు. రాదు. భూమితోపాటు వాయుమండలమును, అందలి విమానమును తిరుగుచునే యున్నవి. అయితే ధ్రువములవైపు సాగు గాలిని తూర్పునకు మళ్లించునది భూభ్రమణమే. కనుక భూభ్రమణము తోడ్పడునది నేరుగా కాదు, గాలి ద్వారా.

హైదరాబాదు–లండను విమానముల కాలపట్టికను తరగతిలో పరిశీలింపుడు. గడియారముల తేడాను సవరించిన పిమ్మట, పోవు కాలము వచ్చు కాలముకంటె ఎక్కువగా ఉండును. ఏలనో విద్యార్థులే చెప్పగలరు.