చూడటం వేరు, కనబడటం వేరు

‘రీచ్డ్ టు సికింద్రాబాద్.’ బండి దిగి ఇంటికి ఫోన్ చేసేవాళ్ళ నోట స్టేషన్ బయట తరచూ వినబడే మాట ఇది. తెలుగులో ఊరికి చేరతాం కాబట్టి ఆ ‘కి’ కాస్తా ఇంగ్లిష్‌లో ‘టు’ అయింది. నిజానికి ‘రీచ్’ పక్కన ఊరి పేరు నేరుగా రావాలి. ఇంచుమించు అదే అర్థమున్న ‘అరైవ్’కి మాత్రం ‘ఇన్’ గానీ ‘అట్’ గానీ తోడుండాలి. ‘డిస్కస్ అబౌట్’ కథా ఇదే. ‘టాక్’కి ‘అబౌట్’ కావాలి, ‘డిస్కస్’కి అక్కర్లేదు.

లష్కర్ అని కూడా పిలిచే ఈ సికింద్రాబాద్‌కి ఇంగ్లిష్ కొత్త కాదు. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఈ దండు ఊరు ఏర్పడినప్పటి నుంచీ ఆ భాష ఇక్కడుంది. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ తార్నాక. అక్కడున్న ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది. ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణ ఇవ్వడం దాని తొలి పనుల్లో ఒకటి. అంత పెద్ద సంస్థ పక్కనే ఉన్నా, చాలా తరగతి గదుల్లో క్రియల్ని ఇంకా జాబితాలుగానే బట్టీ పట్టిస్తున్నాం. సీ, లుక్, వాచ్ మూడూ చూడు. హియర్, లిజన్ రెండూ విను. సే, టెల్ రెండూ చెప్పు. ఇలా నేర్చుకున్న పిల్లాడు ‘హి సెడ్ మీ’ అంటే తప్పు వాడిది కాదు, జాబితాది.

ఈ జాబితాలు తెలుగునూ తక్కువ చేస్తున్నాయన్నదే నా బాధ. బోర్డు మీది అక్షరాలు ఆనకపోతే పిల్లాడు ‘కనబడటం లేదు సార్’ అంటాడు గానీ ‘చూడటం లేదు’ అనడు. ఆ కనబడటమే చాలా చోట్ల ‘సీ’. కావాలని అటు కళ్ళు తిప్పితే ‘లుక్’. కదిలేదాన్ని, మారేదాన్ని కాసేపు చూస్తూ ఉంటే ‘వాచ్’. ఫోన్‌లో ‘వినబడుతోందా?’ అన్నప్పటిది ‘హియర్’, ‘నే చెప్పేది కాస్త విను’ అన్నప్పటిది ‘లిజన్’.

అను, చెప్పు అనే జంట ఇంకా ఆసక్తికరం. ‘రానన్నాడు’ అన్నప్పుడు మన దృష్టి మాట మీద ఉంటుంది. ‘నాకు చెప్పాడు’ అన్నప్పుడు విన్న మనిషి మీద ఉంటుంది. ‘సే’, ‘టెల్’ల తేడా చాలావరకు ఇదే. ‘టెల్’ వెంటనే మనిషి వస్తాడు. ‘సే’ దగ్గరికి మనిషి రావాలంటే ‘టు’ పట్టుకుని రావాలి. ‘నన్ను అన్నాడు’ అంటే తిట్టాడని కదా తెలుగులో అర్థం! పక్కన చేరే విభక్తిని బట్టి క్రియ అర్థమే మారుతుందని మనకు ఎవరూ నేర్పకుండానే తెలుసు.

గుర్తు అనే ఒక్క మాటతోనే మనం ఎన్ని పనులు చేస్తాం! గుర్తుంటే ‘రిమెంబర్’, గుర్తుచేస్తే ‘రిమైండ్’, గుర్తుపడితే ‘రికగ్నైజ్’. ‘గుర్తు అంటే రిమెంబర్’ అని ఒక్కటే నేర్పితే ‘రేపు నాకు గుర్తుచెయ్యండి’ అనాల్సినవాడు ‘రిమెంబర్ మీ టుమారో’ అంటాడు. అప్పు ఇవ్వడం, తీసుకోవడం కూడా అంతే. తెలుగులో తేడా పక్క మాటలో ఉంటుంది, ఇంగ్లిష్ దాన్ని ‘లెండ్’, ‘బారో’ అనే క్రియల్లోనే దాచుకుంది.

అన్ని జంటలూ ఇలా అతకవు. బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం, చేతులు కడుక్కుంటాం. ఇంగ్లిష్‌కి ఇవన్నీ ‘వాష్’. అక్కడ తేడాలు చూపేది మనమే.

జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పిన ఏ.ఎస్. హోర్న్‌బీ, క్రియకు అర్థం ఒక్కటే తెలిస్తే చాలదన్న ఈ చిక్కును దగ్గర్నుంచి చూశాడు. సహచరులతో కలిసి ఆయన తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. అర్థం ఇచ్చి ఊరుకోకుండా, ఏ క్రియ పక్కన ఏమేం రావచ్చో 25 నమూనాల్లో చూపించాడు. నేర్చుకునేవాడికి నిజంగా పనికొచ్చేది అదే.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికందాయి. టీచర్లకు నా విన్నపం ఒక్కటే: ఆ రెండు పేజీలనూ కలిపి చదివించండి. క్రియను ఒంటరిగా కాక వాక్యంతో పాటు రాయించండి. ‘చూడు’ పక్కన ‘కనబడు’నూ, ‘చెప్పు’ పక్కన ‘అను’నూ బోర్డు మీద పెట్టి, ఆ తర్వాతే ఇంగ్లిష్ మాట చెప్పండి.