కోరంగి మడ అడవులు

హైదరాబాదు మాదాపురము, గచ్చిబౌలి కార్యాలయములలో వారమంతయు దీపముల క్రింద పనిచేయు యువతీయువకులకు రెండు దినముల విరామము దొరకినచో అడవి చూడవలెనను కోరిక కలుగుట సహజము. లింగంపల్లిలో రాత్రి రైలెక్కినవారు మరునాటి ఉదయమునకు కాకినాడ చేరవచ్చును. అచ్చటికి కొలది దూరమున, గౌతమీపాయ సముద్రమును చేరు చోట, కోరంగి మడ అడవులు కలవు. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఈ ప్రాంతపు వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

నల్లమలలోవలె ఇచ్చట ఎక్కుటకు కొండలు లేవు. కాలు మోపుటకు గట్టినేలయు అరుదు. బురదపై కట్టిన చెక్కబాట వెంట నడవవలెను, పాయలలో పడవపై పోవలెను. సముద్రపు పోటు దినమునకు రెండు మారులు వచ్చును. ఆ వేళ దినదినము సుమారు 50 నిమిషములు వెనుకబడును. కనుక నిన్నటి వేళ నేటికి పనికిరాదు. నీరు తీయు సమయమును పడవవారి నడిగి తెలిసికొని బయలుదేరుట మేలు.

నీరు తీసినప్పుడు నల్లమడ చెట్ల చుట్టును మేకులవలె వేలకొలది వేళ్ళు బురదనుండి పైకి లేచి కనిపించును. బురదలో గాలి చొరదు గనుక, ఆ చెట్లు ఈ వేళ్ళతోనే ఊపిరి పీల్చుకొనును. ఎక్కువైన ఉప్పును ఆకులగుండ వెడలగ్రక్కును. ఉప్పుపొన్న విత్తనము తల్లిచెట్టుననే మొలకెత్తి, పిదప క్రింద పడును. తిల్లచెట్టును మాత్రము తాకరాదు. దాని పాలు కంటికి హాని చేయును.

ఈ అడవిలో నీటికుక్కలు, బావురుపిల్లులు కలవు. బావురుపిల్లి నీట దిగి చేపలను పట్టును. అది రాత్రివేళ వేటాడునది గనుక మనకు కనబడుట అరుదు. బురదలో దాని అడుగుజాడ కనబడినను మన ప్రయాణము ఫలించినట్లే.

కాకినాడ తీరమునకు అడ్డుకట్టవలె సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలండ్ అను ఇసుకదిబ్బ కలదు. గోదావరి తెచ్చిన ఇసుకతో అది ఏర్పడినది. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రులందు ఇట్టి ఒడ్డుల నెక్కి, ఒక్కొక్కటి సుమారు 100 గ్రుడ్లు పెట్టును. పొదిగిన పిల్లలు సముద్రముపై మెరయు వెలుగును బట్టి నీటివైపు సాగును. మన చేతిదీపము, ఫోను వెలుగు వాటిని దారి తప్పించి చంపగలవు.

ఒకప్పుడు కోరంగి పేరుగన్న ఓడరేవు. బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరు దానివలననే కలిగినది. 1839 నవంబరు ఉప్పెన ఆ రేవును నాశనము చేసినది. అట్టి తీరమున మడచెట్లు అలల ఉరవడిని తగ్గించును, వాటి వేళ్ళ నడుమ రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగును. వాటిపై బ్రతుకు జాలరి కుటుంబములు చుట్టుప్రక్కల గ్రామములలో అనేకము. కావున అచ్చటికి పోవువారు అటవీశాఖవారి అనుమతి పొంది, చెక్కబాట దిగక, పాటల పెట్టెలను ఇంటవిడిచి, తెచ్చిన ప్లాస్టికు సీసాలను తమవెంటనే తిరిగి తీసికొనిపోవలెనని మా మనవి.