గూడబాతును చూడబోయాము

గూడబాతు అనే మాట మనకు కొత్తది కాదు. 102వ కీర్తన చదివిన ప్రతివారికీ అది తెలుసు. లేవీయకాండము 11వ అధ్యాయంలో తినకూడని పక్షుల వరుసలో కూడా ఉన్నది. అయితే మాట తెలియడం వేరు, పక్షిని ఎరగడం వేరు. ఆదోని, ఎమ్మిగనూరుల నడుమ ఉన్న మా పల్లెలో ఒక సాయంత్రం బైబిలు తరగతి జరుగుతుండగా ఒక పెద్దాయన లేచి, "గూడబాతంటే ఎట్లుంటది అయ్యగారూ?" అని అడిగారు. ముక్కు కింద సంచి ఉండే పెద్ద పక్షి అని చెప్పాను. "మీరు చూసినారా?" అన్నారు. చూడలేదు. ఆ కీర్తన మీద పదిహేనేండ్లుగా ప్రసంగిస్తున్నాను గాని, ఆ పక్షిని బొమ్మలో తప్ప ఎక్కడా చూసినవాణ్ణి కాను.

ఆ మాట నన్ను నిలవనీయలేదు. గూడబాతులు గూళ్లు కట్టే చోటు మన రాష్ట్రంలోనే, సముద్ర తీరానికి దగ్గరలో ఉన్నదని తెలుసుకొని, పిల్లలను తీసుకొని పోదామని సంఘంలో ప్రకటించాను. ఇది 2024 జనవరి సంగతి. ప్రయాణం ఎట్లా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఎందుకంటే ఆ తర్వాత మూడు సంఘాలవారు "మేమూ పోవచ్చునా?" అని అడిగారు.

ముందు ఆ సంవత్సరం ఎట్లాంటిదో గుర్తు చేసుకోవాలి. 2023లో మన వైపు ఖరీఫ్ వానలు రాలేదు. పడమటి మండలాల్లో చాలావాటిని కరవు మండలాలుగా ప్రకటించారు. క్రిస్మస్ రాకముందే సగం ఇండ్లకు తాళాలు పడ్డాయి. అందరూ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయారు. మిగిలినవారు ముసలివారు, బడికి పోయే పిల్లలు. మాతో వచ్చిన ఇరవై రెండు మందిలో పదిహేను మంది అట్లాంటి పిల్లలే. వారి చార్జీలు అమ్మానాన్నలు కోత కూలిలోనుంచి పంపినవి. ఆ డబ్బు చేతికి తీసుకున్నప్పుడు నాకు కొంచెం భయం వేసింది. పక్షులను చూడటానికి కూలి డబ్బా అని ఒక తాత అడిగితే ఏదో సర్దిచెప్పాను గాని, నాకూ సరియైన జవాబు తెలియదు.

ఆదోనిలో రైలెక్కితే గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, కడప మీదుగా రేణిగుంట. అక్కడనుంచి బస్సులో శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట. నాయుడుపేటకు, సూళ్లూరుపేటకు మధ్యలో దొరవారిసత్రం మండలంలో, పెద్ద రోడ్డుకు కొద్ది దూరంలో నేలపట్టు ఉన్నది. మునుపు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఒక పూట టూరుకు వ్యాను, గైడు కలిపి ఫోనులోనే మాట్లాడుకున్నాను. ఆయన, "లక్షల పక్షులండీ, చేతికందేంత దగ్గర" అన్నాడు. నేను అదే మాట పిల్లలకు చెప్పాను. అది నా తప్పు.

నేలపట్టు చెరువు చాలా పెద్దదేమీ కాదు. అడవితో కలిపి దాదాపు 459 హెక్టార్ల స్థలాన్ని 1976లో పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించారు. చెరువు నీళ్లలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి. ఆ చెట్ల మీద గూళ్లు. మేము పోయేముందు నెలలోనే మిచౌంగ్ తుపాను వచ్చి ఆ ప్రాంతమంతా నీళ్లు నింపింది. మన చేలు బీటలు వారి ఉండగా అక్కడ చెరువు కట్ట దాకా నిండి ఉన్నది. ఒక రాత్రి ప్రయాణంలో ఇంత తేడానా అని పిల్లలకంటె నేనే ఎక్కువ ఆశ్చర్యపడ్డాను.

మొదట తెలిసేది వాసన. ఇది ఏ టూరువారూ చెప్పరు. వేల పక్షుల రెట్ట, చేపల కంపు. ఇద్దరు పిల్లలు ముక్కు మూసుకొని వ్యాను దగ్గరకు తిరిగిపోయారు. తర్వాత వినబడేది చప్పుడు. పెద్ద గూడబాతులు గూటి దగ్గర నోరు విప్పవు. పిల్లలు మాత్రం ఆపకుండా అరుస్తాయి. కాపలా గోపురం ఎక్కితే అప్పుడు కనబడ్డాయి. రెట్టతో చెట్లు సున్నం కొట్టినట్టున్నాయి. కొమ్మ కొమ్మకూ పుల్లల గూడు, గూటిలో బొచ్చు పిల్లలు. పెద్ద పక్షి నాలుగు నుంచి ఆరు కిలోల బరువు తూగుతుంది. రెక్కలు చాపితే ఏడెనిమిది అడుగులు. అంత బరువు వచ్చి సన్నని కొమ్మ మీద వాలుతుంటే కొమ్మ విరుగుతుందేమో అనిపిస్తుంది. విరగదు.

చేతికందేంత దగ్గర కాదు. మధ్యలో నీళ్లున్నాయి. మా అందరికీ కలిపి ఒకటే బైనాక్యులర్, అది గైడుది. ఒక్కొక్కరికి నిమిషం కంటె దొరకలేదు. అయినా గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చి చేపను తీసుకోవడం అందరం చూశాము. ఒక పక్షి గూటి దగ్గర కాపలా ఉంటే ఇంకొకటి మేతకు పోతుంది. పులికాట్ సరస్సు దాకా ఎగిరిపోయి చేపలు తెస్తాయట. వంతులవారీగా ఇద్దరూ పోతారు. మా వెంట వచ్చిన ఒక అవ్వ అది చూసి, "మేలు, ఈటికి ఒకరన్నా ఇంటి కాడ ఉంటరు" అన్నది. ఎవరూ మాట్లాడలేదు.

గైడు చెప్పినదాంట్లో సగం తప్పు అని తర్వాత తెలిసింది. ఈ పక్షులన్నీ సైబీరియానుంచి వచ్చాయన్నాడు. కొన్ని రకాల బాతులు నిజంగానే ఉత్తరపు చలి దేశాలనుంచి వస్తాయి. గూడబాతు అట్లా కాదు. అది దక్షిణ దేశపు పక్షే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి చెరువునుంచి చెరువుకు పోతుంది. ఈశాన్య రుతుపవనాల వానకు నేలపట్టు నిండితే వచ్చి గూడు కడుతుంది. చెరువు ఎండితే పోతుంది. అంటే అదీ సుగ్గికి పోయేదే అన్నమాట. సైబీరియా కథకంటె ఈ నిజమే మన పిల్లలకు బాగా అర్థమయ్యేది, కాని ఆ పూట చెప్పేవారు లేకపోయారు. నత్తగుల్ల కొంగలు, తెల్లని కంకణాలు, నీటికాకులు కూడా అదే చెట్ల మీద ఉన్నాయి. వాటి గురించి గైడు ఏమీ చెప్పలేదు.

బయట టీ అంగడి దగ్గర ఒక సంభాషణ జరిగింది. దానికోసమైనా ఈ ప్రయాణం చేయవచ్చునని నా అభిప్రాయం. మాతో వచ్చిన ఒక యువకునికి ఆస్పరి వైపు పప్పుశనగ చేను ఉన్నది. ఆ ఊరి రైతును, "ఇన్ని పక్షులుంటే మీ పైరు తినవా అన్నా?" అని అడిగాడు. వీటి తిండి చేపలు గాని గింజలు కావనీ, రెట్ట కలిసిన చెరువు నీరు వరికి ఎరువు లాంటిదనీ, అందుకే ఊళ్లో ఎవరూ వీటిని ముట్టరనీ ఆ రైతు చెప్పాడు. మావాడు కాసేపు ఊరకుండి, "మీకు పిట్టలు ఎరువు పెడతాయి, మాకు జింకలు పైరు మేస్తాయి" అన్నాడు.

మన వైపు రైతులకు దీన్ని వివరించనక్కరలేదు. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. 1972 చట్టం ప్రకారం దాన్ని చంపితే జైలు. మంచిదే. కాని మంద వచ్చి మొలకలు కొరికిన చేను యజమాని రాత్రంతా దీపం పట్టుకొని కాపలా కాయవలసిందే. జంతువులను ప్రేమించమని నగరంవారు చెప్పడం సులువు. నేలపట్టువారి ప్రేమ తక్కువదని నేను అనను. తరాలుగా కాపాడుకుంటున్నారు. కాని వారికి పక్షులవల్ల లాభం ఉన్నది, మనవారికి నష్టం ఉన్నది. ఈ తేడాను పక్కన పెట్టి మన రైతును మాత్రమే నిందించడం న్యాయం కాదు. మన పాత కర్నూలు జిల్లాలోనే రోళ్లపాడు ఉన్నది గదా. బట్టమేకపిట్ట కోసం 1988లో దాన్ని రక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఇప్పుడు అక్కడ బట్టమేకపిట్ట కనబడటమే గగనం. కొల్లేరు ప్రాంతంలో 1946లో కె.కె. నీలకంఠన్ గారు కనుగొన్న చోట దాదాపు మూడు వేల గూడబాతులు గూళ్లు కట్టేవి. 1970ల మధ్యకు అది ఖాళీ అయిపోయింది. ఇప్పుడు కొల్లేటి ఆటపాకలో చెట్లు చాలక, అటవీశాఖవారు పాతిన ఇనుప మంచెల మీద గూళ్లు కట్టుకుంటున్నాయి. కాబట్టి నేలపట్టు చెట్లు ఉండటం చిన్న సంగతి కాదు.

మధ్యాహ్నం తర్వాత పులికాట్ చూపించారు. దీన్నే మన పెద్దలు ప్రళయకావేరి అన్నారు. చిలక సరస్సు తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్లూరుపేటనుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకొని పోతుంది. రెండు వైపులా నీళ్లే. రాజహంసలను చూపిస్తానని గైడు రోడ్డు పక్కన వ్యాను ఆపాడు. చూశాము. చాలా దూరాన, నీటి అంచున, ఒక లేత గులాబి గీత. పిల్లలు "ఏవీ? ఏవీ?" అంటూనే ఉన్నారు. రాజహంస లోతు తక్కువ నీళ్లలో నిలబడి ముక్కును తలకిందులుగా ముంచి బురద నీటిని వడకట్టుకొని తింటుంది. తుపాను నీళ్లకు ఆ ఏడు సరస్సు నిండుగా ఉండటంతో అవి లోతు లేని చోట్లు వెదుక్కొని దూరంగా పోయాయి. పక్షుల తప్పు లేదు. గైడు తప్పు కూడా లేదు, ముందుగా చెప్పి ఉంటే. అరగంట ఎండలో నిలబడి తిరిగి వచ్చాము. లారీలు పోతున్న రోడ్డు అది. చిన్నపిల్లలను పట్టుకోవడమే పెద్దల పని అయింది.

లెక్క చూస్తే, రెండు రాత్రులు రైలు, ఒక పగలు వ్యాను. పక్షులను చూసిన సమయం అంతా కలిపి మూడు గంటలు. గైడు లేకుండా నేలపట్టు టిక్కెట్టు కొని మేమే పోయి ఉంటే ఆ మూడు గంటలూ గోపురం మీదనే గడిపేవాళ్లము. అక్కడి అటవీశాఖ బోర్డులు, వారి చిన్న ప్రదర్శనశాల గైడుకంటె ఎక్కువే చెబుతాయి. మీరు పోదలిస్తే డిసెంబరు మొదలు ఫిబ్రవరి లోపల పొండి. ఆ ఏడు అక్కడ వాన పడిందా అని ముందుగా అడగండి. తెల్లవారి పొండి. ఎవరినైనా అడిగి రెండో బైనాక్యులర్ సంపాదించండి. పులికాట్ రోడ్డు చిన్నపిల్లలతో వద్దు. ముఖ్యంగా, నాలాగా పిల్లలకు లక్షల పక్షులని చెప్పకండి. ఉన్నవి చాలు.

ఒకటి చెప్పడం మరచాను. గోపురం మీద మేమందరం నోరు తెరచి చూస్తుండగా నేను ఆ అవ్వతో, "ఇదేనవ్వా కీర్తనలోని గూడబాతు" అని కొంచెం గొప్పగానే అన్నాను. అవ్వ కన్ను చిట్లించి చూసి, "ఇదా? గుంటూరు కాడ ఉప్పలపాడు చెరువులో ఉంటయి గదా. సుగ్గికి పోయినప్పుడు శానాసార్లు చూసినా. దీని పేరు గూడబాతని ఎవరు చెప్పిరి మాకు!" అన్నది. ఇన్నాళ్లు మా తరగతిలో వెనుక వరుసలో కూర్చున్న మనిషి. అడిగి ఉంటే ఆమే చెప్పేది.

ఆ సాయంత్రం నాయుడుపేట బస్టాండులో అవ్వ మనుమడు నా ఫోను తీసుకొని మిరప చేనులో ఉన్న తల్లికి ఫోను చేశాడు. ఐదో తరగతి పిల్లవాడు. గూడబాతు సంగతి, గొంతులో తల దూర్చిన సంగతి, వాసన సంగతి ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. "నీవూ చూడు మా, ఉప్పలపాడులో ఉంటయంట, అవ్వ చెప్పింది" అన్నాడు. అవతల ఆమె, ఆదివారం పని లేకుంటే పోయి చూస్తానని చెప్పింది. తర్వాత, అన్నం తిన్నావా అని అడిగింది.