నాడీకణంలో నిద్రించే వైరస్

జ్వరం తగ్గే వేళ కొందరికి పెదవి అంచున గుత్తులుగా నీటిపొక్కులు లేస్తాయి. మూతి పేలిందని సరిపెట్టుకుంటారు. వారం పది రోజులలో అవి మాడిపోతాయి. కొన్ని నెలలకు మళ్లీ అదే చోట పుట్టుకొస్తాయి. దీనికి మూలం హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. గ్రీకు భాషలో ‘హెర్పిస్’ శబ్దానికి పాకునది అని అర్థం. మన ‘సర్పి’ శబ్దానికీ అదే భావం. రెండింటి ధాతువులు తోబుట్టువులే.

పొక్కు మానినంత మాత్రాన వైరస్ నశించదు. అది చర్మంలోని నాడీతంతువుల వెంట వెనుకకు ప్రయాణించి, ముఖస్పర్శను మెదడుకు చేరవేసే త్రిధార నాడి యొక్క నాడీసంధిని చేరుకుంటుంది. అక్కడి కణాలలో తన డి.ఎన్.ఏ.ను దాచి జీవితాంతం నిలిచి ఉంటుంది. 1929లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్ ఈ విధంగా ఊహించాడు. 1971లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు ఆ ఊహకు బలం చేకూర్చాయి.

ఈ నిద్ర వైరస్ ఒక్కదాని సంకల్పం కాదు. నాడీకణానికి పరిసర కణజాలం నుండి ‘నాడీ వృద్ధి కారకం’ అనే ప్రోటీను నిరంతరం అందుతూ ఉంటుంది. (దీనిని కనుగొన్న ఇటలీ విదుషి రీటా లెవీ మొంటాల్చినీ 1986లో నోబెల్ బహుమతిని స్టాన్లీ కోహెన్‌తో కలిసి అందుకుంది.) ఆ ప్రోటీను కణత్వచంపై ఉన్న గ్రాహకాన్ని తాకగానే లోపల ఒక ఎంజైము మరొకదానిని, అది ఇంకొకదానిని ప్రేరేపిస్తూ కబురును కేంద్రకం దాకా చేరవేస్తాయి. అంతా క్షేమమన్న ఆ కబురు అందుతున్నంతకాలం వైరస్ జన్యువులు హిస్టోన్ ప్రోటీన్లకు బిగువుగా చుట్టుకొని మౌనం వహిస్తాయి. ప్రయోగశాలలో పెంచిన నాడీకణాలకు ఆ ప్రోటీను అందకుండా చేస్తే వైరస్ మేల్కొంటుంది.

ఎలా మేల్కొంటుందో 2015లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. ఆపద వాటిల్లినప్పుడు నాడీకణంలో జె.ఎన్.కె. అనే ఎంజైము చురుకవుతుంది. అది కణం తన కోసం ఏర్పరచుకొన్న వ్యవస్థ. దాని ప్రభావంతో వైరస్‌ను చుట్టిన హిస్టోన్లకు ఫాస్ఫేటు చేరుతుంది, బిగువు సడలుతుంది, జన్యువులు పని ప్రారంభిస్తాయి. ఇంటివాడి ఆర్తనాదమే దొంగకు ప్రయాణ సంకేతమైనదన్నమాట!

పెదవిపై పొక్కుతో పోతే చింత లేదు. అదే వైరస్ కంటి కార్నియాకు పాకితే, తిరగబెట్టిన కొద్దీ మచ్చలు మిగిలి చూపే పోవచ్చు. ఎసైక్లోవిర్ మందు వృద్ధి చెందుతున్న వైరస్‌ను అడ్డగిస్తుందే గాని, నిద్రించే దానిని తాకలేదు. ఆ డి.ఎన్.ఏ.ను కణంలోనే ఖండించే పద్ధతి ఎలుకలలో చాలావరకు ఫలించిందని 2020లో ప్రకటించారు. సంకేతాలనే అదుపుచేసి వైరస్‌ను శాశ్వతంగా నిద్రపుచ్చడం రెండవ మార్గం. అయితే ఆ సంకేతాలు నాడీకణ జీవనానికీ అవసరమైనవే కావడం అందులోని చిక్కు.