రొయ్యలు కొందరికి ఎందుకు పడవు?

ఇంట్లో అందరూ రొయ్యల కూర తింటారు. ఒకరికే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. పెదాలు వాస్తాయి. దిష్టి తగిలిందని ఉప్పు దిగదుడుస్తారు. అది దిష్టి కాదు, ఎలర్జీ.

మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే రక్షణ శక్తి ఉంది. కొందరిలో అది రొయ్యలోని మాంసకృత్తునే శత్రువు అనుకుంటుంది. దానిపై విరుచుకుపడుతుంది. అందుకే దురద, వాపు, వాంతులు. వేరుశనగ, గుడ్డు, పాలు, చేప కూడా కొందరికి ఇలాగే పడవు. పాలు తాగితే కడుపు ఉబ్బరం ఒక్కటే ఉంటే, అది చాలావరకు అరగక వచ్చే బాధ. ఎలర్జీ వేరు.

'కొంచెం తింటే ఏం కాదులే' అని బలవంతం చేయకూడదు. ఒక్కోసారి రొయ్యలు వేయించిన నూనె తగిలినా చాలు. గొంతు బిగిసినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా పసరు మందులతో పొద్దు పుచ్చరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. అప్పుడు ప్రాణం నిలిపేది తొడకు వేసే ఎడ్రినలిన్ సూది.